బడికి చెప్పని జబ్బు

టైప్-1 మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ, సికిల్‌సెల్ ఉన్న పిల్లలు మన తరగతి గదుల్లోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళ టీచర్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

పిల్లను బడిలో వేసేటప్పుడు మనవాళ్ళు అడగని వివరం ఉండదు. ఇంటిపేరు, మాతృభాష, కులం, తండ్రి చేసే పని, ఆధార్ నంబరు అన్నీ కావాలి. ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా రెండు చూపించమంటారు. కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి దగ్గర ఒకటి అని రాసుకుంటారు. ఆ మచ్చలు పదో తరగతి దాకా రికార్డుల్లో పిల్ల వెంటే నడుస్తాయి. ఆ పిల్లకు ఉబ్బసం ఉందా, ఫిట్స్ వస్తాయా, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ తీసుకుంటుందా అన్న ప్రశ్న మాత్రం చాలా బళ్ళ దరఖాస్తుల్లో కనబడదు.

అడగరు కాబట్టి ఇంట్లోవాళ్ళూ చెప్పరు. చెబితే సీటు ఇవ్వరేమోనని భయం. ఇచ్చినా ఆటలకు రానివ్వరని, విహారయాత్రకు తీసుకెళ్ళరని, తోటిపిల్లలు పేరుపెట్టి పిలుస్తారని బెంగ. ఆడపిల్లయితే ఆ బెంగ పెళ్ళిదాకా పోతుంది. ‘ఊళ్ళో నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలెలా వస్తాయే?’ అని అమ్మమ్మ అడిగితే కూతురి దగ్గర జవాబుండదు. బడివాళ్ళ భయం వేరు. పిల్లకు ఏమైనా అయితే మాట తమ మీదికి వస్తుందని హెడ్మాస్టరు వెనకాడతారు. సూదులు, మందులు అంటే తమకు సంబంధంలేని వ్యవహారమని టీచర్లు దూరం జరుగుతారు. ఈ రెండు భయాల మధ్య ఎనిమిదేళ్ళ పిల్ల తన జబ్బును తానే మోసుకుంటూ బడికి వెళ్తుంది. మరుగుదొడ్డి తలుపు గడియపెట్టి, బ్యాగు తడి నేలకు తగలకుండా భుజానే ఉంచుకుని, పొట్టకు సూది వేసుకుంటుంది.

నా మటుకు నాకు ఇందులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆ గడియపెట్టిన తలుపే. టైప్-1 మధుమేహం గానీ, ఉబ్బసం గానీ, మూర్ఛ గానీ ఎక్కువమంది పిల్లల్లో మందులతో అదుపులో ఉంటాయి. ఎప్పుడో ఒకరోజు అదుపు తప్పుతాయి. ఆ పది నిమిషాల్లో పక్కనున్న పెద్దవాళ్ళకు సంగతి తెలియకపోవడం వల్లనే ప్రాణం మీదికి వస్తుంది. సోమవారం నుంచి శనివారం దాకా, పగటిపూట, ఆ పక్కనుండే పెద్దవాళ్ళు టీచర్లే.

తీపి తిన్నందుకు వచ్చింది కాదు

పిల్లల్లో కనిపించే మధుమేహంలో ఎక్కువ భాగం టైప్-1. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. చాక్లెట్లు తిన్నందుకు ఈ జబ్బు రాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తిన్నందుకూ రాదు. ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. తాతగారికి అరవయ్యేళ్ళకు వచ్చి, మాత్రలతో, పొద్దుటి నడకతో సర్దుకునే షుగర్ వేరు, ఇది వేరు. ఈ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. బతికున్నన్నాళ్ళూ బయటినుంచి ఇవ్వాల్సిందే. రోజుకు నాలుగు సూదుల లెక్కన ఏడాదికి 1,460. పసరు వైద్యమనో, ఎవరో నయం చేస్తామన్నారనో ఇన్సులిన్ ఆపితే కొద్దిరోజుల్లోనే ఒంట్లో ఆమ్లాలు పేరుకుని పిల్ల స్పృహ తప్పుతుంది. ఆపమని చెప్పేవాళ్ళు ఎంత దగ్గరి చుట్టాలైనా వినకూడదు.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారం మనదేశంలో ఇరవయ్యేళ్ళలోపు టైప్-1 పిల్లలు సుమారు 2.29 లక్షలమంది. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

1922 జనవరి 11న టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేశారు. అప్పటికి అతను సుమారు 29 కిలోల బరువున్నాడు. ఆ మొదటి మందు సరిగా శుద్ధి కాలేదు. మళ్ళీ శుద్ధి చేసి జనవరి 23న ఇచ్చాక కోలుకున్నాడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు డాక్టర్లు చేయగలిగిందల్లా తిండి బాగా తగ్గించి ఇంకొన్ని నెలలు బతికించడమే. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టిన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నారు. మన బళ్ళలో అదే రోజు బాలల దినోత్సవం. నెహ్రూగారి గురించి చెప్పే ప్రసంగాల మధ్య ఈ జబ్బు గురించి ఒక టీచరు పది నిమిషాలు మాట్లాడితే, ఆ బళ్ళో సూది దాచుకునే పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్ల చెవిన పడుతుంది.

బడి గంటలు, ఇన్సులిన్ గంటలు

ఇన్సులిన్ వేసుకున్నాక వేళకు తినాలి. పరుగెత్తితే షుగర్ పడిపోతుంది. జ్వరం వస్తే పెరుగుతుంది. ఇంట్లో అయితే తల్లి ఈ లెక్కంతా చూసుకుంటుంది. బడికి తన లెక్కలు తనకున్నాయి.

ఏడో తరగతి అమ్మాయిని ఊహించుకుందాం. పొద్దున ఏడున్నరకు ఇన్సులిన్ వేసుకుని రెండు ఇడ్లీలు తిని బస్సెక్కింది. ప్రేయర్ ఇవాళ ఎక్కువసేపు సాగింది, ఎండలో నిలబడే ఉంది. రెండో పీరియడ్‌లో డ్రిల్ పెట్టారు. మూడో పీరియడ్‌లో చెమట పడుతోంది, చేతులు వణుకుతున్నాయి, బోర్డు మీది అక్షరాలు అల్లుకుపోతున్నాయి. సారు ప్రశ్న అడిగితే చిరాగ్గా ఏదో గొణిగింది. పొగరనుకుని నిలబెట్టారు. ఆ పిల్ల షుగర్ 70 కిందికి పడిపోయింది. చిరాకు, తికమక, మొండితనం షుగర్ పడిపోతున్నప్పుడు కనిపించే లక్షణాలని ఆ సారుకు ఎవరూ చెప్పలేదు.

ఒకవేళ పిల్లకు షుగర్ ఉందని మాత్రమే తెలిసిందనుకోండి, అది ఇంకో ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్ళకు తీపి పెట్టకూడదని మనందరి బుర్రల్లోనూ నాటుకుపోయింది. పిల్ల చక్కెర అడిగినా, ప్రేమకొద్దీ వద్దనేవాళ్ళు ఉంటారు. షుగర్ పడిపోయినప్పుడు మందు చక్కెరే. వెంటనే మూడు టీస్పూన్ల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్ళలో కలిపి తాగించాలి, లేదా చిన్న పండ్లరసం ప్యాకెట్ ఇవ్వాలి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ గ్లూకోమీటర్‌తో చూడాలి. ఇంకా 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. చాక్లెట్‌లో, వేరుశెనగ చిక్కీలో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. అవి తేరుకున్నాక తినడానికి బాగుంటాయి. ఈ పదిహేను నిమిషాల్లో పిల్లను ఒంటరిగా వదలకూడదు. ‘స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళి తాగిరామ్మా’ అని ఒక్కదాన్నే పంపితే మెట్ల మీదే పడిపోవచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ సూది అందుబాటులో ఉండి, వెయ్యడం నేర్చుకున్నవాళ్ళుంటే అది వెయ్యాలి. పడిపోయిన పిల్లకు ఇన్సులిన్ మాత్రం ఎవరూ వెయ్యకూడదు.

మధ్యాహ్న భోజనం దగ్గర ఇంకో చిక్కుంది. ఇన్సులిన్ మామూలుగా భోజనానికి కాస్త ముందు వేసుకుంటారు. గంట కొట్టారని వేసుకుని వరుసలో నిలబడితే, అన్నం ఇంకా దిగలేదనో, వరుసలో తన ముందు ఎనభైమంది ఉన్నారనో అరగంట గడుస్తుంది. ఈ పిల్లను వరుసలో ముందు నిలబెట్టడం పక్షపాతం కాదని తరగతికి ఒక్కసారి చెబితే సరిపోతుంది. పిల్లలకు ఇలాంటివి త్వరగా అర్థమవుతాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైనప్పుడు టిఫిను వేళ, భోజనం వేళ, సూది వేళ అన్నీ ఒక్కసారిగా మారతాయి. పదో తరగతికొస్తే తెల్లవారి ఒక క్లాసు, చీకటిపడ్డాక ఒక క్లాసు. వేళలు మారబోతున్నాయని బడి నాలుగు రోజుల ముందు చెబితే, ఇంట్లోవాళ్ళు డాక్టరును అడిగి మోతాదులు సరిచేసుకుంటారు.

‘టీచర్ గారూ, పదకొండింటికి పాపను నాలుగు బిస్కెట్లు తిననివ్వండి.’

‘క్లాసులో ఒక్కరికి ఒప్పుకుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా అమ్మా?’

ఈ మాటలు విననివాళ్ళు టైప్-1 పిల్లల తల్లుల్లో తక్కువ. టీచరుది దురుద్దేశమని నేననను. అరవైమంది పిల్లలు, సిలబస్, యాప్‌లలో హాజర్లు, ఫొటోలు, వీటన్నిటి మధ్య నలిగే మనిషి క్రమశిక్షణను పట్టుకుని ఉండడం సహజం. అయితే ఆ నాలుగు బిస్కెట్లు క్రమశిక్షణ కిందికి రావు, వైద్యం కిందికి వస్తాయి. నీళ్ళసీసా దగ్గర పెట్టుకోవడమూ, అడిగినప్పుడల్లా బాత్రూముకు పంపడమూ అంతే. షుగర్ ఎక్కువైనప్పుడు పిల్లకు దాహం ఆగదు, మూత్రమూ ఆగదు. సెల్‌ఫోను సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు కొందరు పిల్లలు చేతికి సెన్సర్ పెట్టుకుంటున్నారు. షుగర్ ఎంతుందో, పెరుగుతోందో పడుతోందో అది ఎప్పటికప్పుడు ఫోనుకు పంపుతుంది. ఫోను బళ్ళో నిషేధమంటే ఆ సెన్సర్ పెట్టుకుని ప్రయోజనం లేదు. ఫోన్‌ను టీచరు బల్లమీద ఉంచి, హెచ్చరిక మోగినప్పుడు చూడనిస్తే సరిపోతుంది.

పుట్టినరోజు చాక్లెట్ల దగ్గర మనసు కష్టపడే సంగతి ఒకటుంది. అందరికీ పంచుతూ వచ్చి, ఈ పిల్ల దగ్గర ఆగి, ‘నీకు వద్దులే’ అని దాటిపోతారు. మంచికే చేస్తారు. కానీ తగినంత ఇన్సులిన్ వేసుకుని ఆ పిల్ల కూడా చాక్లెట్ తినొచ్చు. ఇప్పుడు తినాలా, ఇంటికి పట్టుకెళ్ళి రాత్రి భోజనంతో తినాలా అన్నది ఆ పిల్ల, వాళ్ళమ్మ చూసుకుంటారు. చాక్లెట్ మాత్రం చేతికివ్వాలి.

సూది ఎక్కడ వేసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. టెన్నిస్ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్‌కు చిన్నప్పటినుంచీ టైప్-1 ఉంది. చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. 2022లో చెప్పాడు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో, కోర్టులో అందరిముందూ సూది వేసుకుంటే చూడటానికి బాగుండదని నిర్వాహకులు తనతో అన్నారని అతను మీడియా ముందు చెప్పాడు. ఆ తర్వాత కోర్టులోనే వేసుకోనిచ్చారు. ప్రపంచంలో మొదటి వరుస ఆటగాడికే ఈ గతి పడితే మన జిల్లా పరిషత్ హైస్కూలు పిల్ల మాట చెప్పేదేముంది? తరగతి గదిలో తన బెంచీ దగ్గర వేసుకోవాలా, స్టాఫ్‌రూమ్‌లో శుభ్రమైన కుర్చీలో కూర్చుని వేసుకోవాలా అన్నది పిల్ల ఇష్టానికి వదలాలి. బాత్రూము ఆ ఎంపికల్లో ఉండకూడదు. వాడిన సూదులు వెయ్యడానికి మూత గట్టిగా బిగిసే మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి చాలు.

టీచరు కన్ను ముందు పట్టే జబ్బు

జబ్బు బయటపడకముందే బడి చేయగలిగిన మేలు ఇంకొకటుంది. మొన్నటిదాకా మామూలుగా ఉన్న పిల్లాడు గంటకోసారి బాత్రూముకు అడుగుతాడు. సీసాలు సీసాలు నీళ్ళు తాగుతాడు. నెలలో చొక్కా వదులవుతుంది. పాఠం మధ్యలో తల వాల్చేస్తాడు. ఇంట్లో ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. ఈ దశలో ఎవరైనా వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే సంగతి అక్కడే తేలిపోతుంది. చూడకపోతే కొన్నాళ్ళకు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. అజీర్తి అనో, అపెండిక్స్ అనో తిప్పి తిప్పి, చివరికి ఐసీయూలో చేర్చాక టైప్-1 అని తెలిసే పిల్లలు మనదేశంలో చాలామంది.

ఇటలీలో పార్మా అనే జిల్లా ఉంది. అక్కడి పిల్లల డాక్టర్లు 1991లో బళ్ళన్నిటిలోనూ ఒక పోస్టరు అతికించారు. పక్క తడిపే పిల్లాడి బొమ్మ, ఎక్కువ తాగడం, ఎక్కువసార్లు మూత్రానికి వెళ్ళడం గురించి రెండు మాటలు, అంతే. టీచర్లతోనూ, పిల్లల డాక్టర్లతోనూ మాట్లాడారు. అంతకుముందు అయిదేళ్ళలో, కొత్తగా మధుమేహం బయటపడ్డ పిల్లల్లో 78 శాతం మంది ఒంట్లో ఆమ్లాలు పేరుకున్న ప్రమాద స్థితిలో ఆసుపత్రికి చేరేవాళ్ళు. పోస్టరు పెట్టాక, 1991-97 మధ్య అది 12.5 శాతానికి పడిపోయింది. ఈ మార్పు తెచ్చింది గోడమీది కాగితం, దాన్ని చదివిన టీచర్లు, తల్లిదండ్రులు. తెలుగులో అలాంటి పోస్టరు వేసి రెండు రాష్ట్రాల బళ్ళలో అతికించడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

మిగతా పిల్లలు

ఉబ్బసం మధుమేహం కన్నా ఎక్కువమంది పిల్లల్లో ఉంటుంది. చలికాలం, దీపావళి పొగ, మిరప కల్లాల ఘాటు, సుద్దముక్కల దుమ్ము, ఏదైనా ఆయాసం తేవచ్చు. రోజూ ఇంట్లో వాడే ఇన్‌హేలర్ ఉబ్బసాన్ని రాకుండా అదుపు చేసేది. ఆయాసం వచ్చినప్పుడు వాడేది వేరు. ఈ రెండోది పిల్ల జేబులోనో సంచీలోనో ఉండాలి. హెడ్మాస్టరు గది బీరువాలో తాళం వేసి పెడితే తాళంచెవి దొరికేలోపు పెదాలు నీలంగా మారతాయి. ఇన్‌హేలర్‌కు అలవాటు పడిపోతారన్న అపోహ మన ఊళ్ళలో ఇంకా బలంగా ఉంది. బళ్ళు తెరిచే జూన్‌లోనే మృగశిర కార్తె వస్తుంది, ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదం కోసం హైదరాబాద్ నాంపల్లికి వేలమంది పిల్లల్ని తీసుకొస్తారు. ఎవరి నమ్మకం వారిది. ప్రసాదం వేయించాం కదా అని ఇన్‌హేలర్ మాన్పించి బడికి పంపడం మాత్రం తగదు.

ఫిట్స్ వచ్చినప్పుడు మన తరగతుల్లో జరిగేది అందరికీ తెలుసు. చేతిలో తాళాలగుత్తి పెడతారు, నోట్లో చెంచా దూరుస్తారు, నలుగురు పట్టుకుని అదిమిపెడతారు. ఇనుము వల్ల ఫిట్స్ ఆగవు. చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి. చుట్టుపక్కల బెంచీలు జరిపి, తలకింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి, గడియారం చూడాలి. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో అదే ఆగిపోతుంది. అయిదు నిమిషాలు దాటితే, లేదా ఒకటి ఆగీ ఆగకముందే ఇంకొకటి వస్తే, 108 పిలవాలి. తేరుకున్న పిల్లకు మొదట కనిపించేది తన చుట్టూ మూగిన మొహాలు కాకుండా చూడటం కూడా టీచరు పనే. మూర్ఛను పెళ్ళి రద్దుకు కారణంగా చూపే వీలును హిందూ వివాహ చట్టం నుంచి, ప్రత్యేక వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చట్టం మారి పాతికేళ్ళు దాటినా, ఆడపిల్ల జబ్బును బడికి చెప్పడానికి ఇంట్లోవాళ్ళు ఇంకా భయపడుతూనే ఉన్నారు.

పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వైపు గిరిజన పిల్లల్లో సికిల్‌సెల్ కనిపిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా, చలికి వణికినా, మితిమీరి పరుగెత్తినా భరించలేని నొప్పులు మొదలవుతాయి. జ్వరం వస్తే రేపు చూద్దాంలే అనడానికి లేదు. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అంటే ఏడాదిలో ఎంత తక్కువనుకున్నా పన్నెండు పదమూడు రోజులు ఆసుపత్రిలో గడుస్తాయి. ఈ పిల్లల ఎదుట ‘నూరుశాతం హాజరు’ బహుమతి ఇవ్వడం మానుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. హీమోఫీలియా పిల్లాడికి చిన్న దెబ్బతోనే కీలులో రక్తం కారుతుంది. తలకు తగిలితే బయటికి ఏమీ కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కీళ్ళవాతం జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది తప్పకూడదు. గుంజీళ్ళు తీయించడం, ఎండలో నిలబెట్టడం, గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం ఏ పిల్లకైనా తప్పే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. ఈ పిల్లల విషయంలో ఆ శిక్ష ప్రాణాంతకం కావచ్చు.

ఒక కాగితం రాసుకోవాలి

అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు తల్లిదండ్రుల్లో, పిల్లలకు టైప్-1 ఉన్నవాళ్ళకు ‘504 ప్లాన్’ అనే మాట బాగా తెలుసు. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ నుంచి వచ్చిన పేరది. పిల్లకు ఏ జబ్బుంది, ఏ వేళకు ఏం కావాలి, అత్యవసరమైతే ఎవరు ఏం చెయ్యాలి, పరీక్షల్లో ఏ వెసులుబాటు ఇవ్వాలి అని తల్లిదండ్రులు, బడి కలిసి కూర్చుని రాసుకుంటారు. చాలాచోట్ల బళ్ళో నర్సు ఉంటుంది. వాళ్ళ దగ్గరా గొడవలున్నాయి, బడితో పోట్లాడి సాధించుకునే తల్లులున్నారు. కానీ పోట్లాడటానికి చేతిలో ఒక కాగితం ఉంది.

మన బళ్ళలో నర్సులు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో గానీ, ఆ కాగితం రేపే రాసుకోవచ్చు. డాక్టరు సంతకం, తల్లిదండ్రుల సంతకం, హెడ్మాస్టరు సంతకం ఉన్న ఒక్క పేజీ. పిల్ల ఫొటో, మామూలు మందుల వేళలు, షుగర్ పడిపోతే ఈ పిల్లలో మొదట కనిపించే లక్షణం (ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఒకరికి ఏడుపొస్తుంది, ఒకరు నవ్వుతారు), చెయ్యాల్సిన పని, ఫోన్ నంబర్లు. తర్వాత మాట తమ మీదికి వస్తుందన్న టీచరు భయానికి కూడా ఆ సంతకాలే సమాధానం. దానితోపాటు ఒక డబ్బా: గ్లూకోజ్ పొడి, పండ్లరసం ప్యాకెట్లు, బిస్కెట్లు, గ్లూకోమీటర్‌కు అదనపు స్ట్రిప్పులు. క్లాసు టీచరు సెలవు పెట్టినరోజు కూడా ఈ సంగతులు తెలిసిన మనిషి బళ్ళో ఉండాలి కాబట్టి ఇద్దరికి నేర్పాలి. పీఈటీ సారును, స్కూలు బస్సు డ్రైవరును మరిచిపోకూడదు. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోమంది. ఆ ఇద్దరే ఈ పని చూడొచ్చు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లల్ని పరీక్షించడానికి బళ్ళకు వస్తున్నాయి. వచ్చినరోజు బరువు, పళ్ళు, కళ్ళు చూసి వెళ్ళకుండా, టీచర్లను గంటసేపు కూర్చోబెట్టి ఇన్‌హేలర్, గ్లూకోమీటర్ ఎలా వాడాలో చూపించమని హెడ్మాస్టరు అడగవచ్చు.

దరఖాస్తులో ఆరోగ్యం గురించి ప్రశ్న చేరిస్తే, దాని కింద ఒక వాక్యం కూడా అచ్చు వెయ్యాలి: ఈ వివరం వల్ల సీటు నిరాకరించబోమని. ఆ వాక్యం లేకపోతే తల్లిదండ్రులు నిజం రాయరు.

పరీక్ష హాలు గడప దగ్గర

ఇన్విజిలేటర్ సంచీ వెతికి గ్లూకోమీటర్ బయటపెట్టించే దృశ్యం టైప్-1 పిల్లల పీడకల. నిబంధనలు నిజానికి పిల్లల వైపే ఉన్నాయి. సీబీఎస్ఈ 2017లోనే టైప్-1 పిల్లలు పరీక్షకు షుగర్ బిళ్ళలు, చాక్లెట్, అరటిపండు, యాపిల్ లాంటి పళ్ళు, శాండ్‌విచ్ లాంటి చిరుతిండి, అర లీటరు నీళ్ళసీసా తెచ్చుకోవచ్చంది. జేఈఈ నిర్వహించే ఎన్టీఏ షుగర్ బిళ్ళలకు, పళ్ళకు, పారదర్శకమైన నీళ్ళసీసాకు ఒప్పుకుని, చాక్లెట్, శాండ్‌విచ్ లాంటి ప్యాక్ చేసిన తినుబండారాలు వద్దంది. బోర్డు పరీక్షకు చెల్లింది ప్రవేశ పరీక్షకు చెల్లకపోవచ్చు కాబట్టి రెండూ ముందే చదువుకోవాలి. 2023 జూలైలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాల విద్యాశాఖలకు లేఖ రాసింది. దాని ప్రకారం, డాక్టరు సలహా ఉంటే పిల్లలు తరగతిలోనూ, పరీక్షలోనూ షుగర్ చూసుకోవచ్చు, ఇన్సులిన్ తీసుకోవచ్చు, చిరుతిండి తినొచ్చు. గ్లూకోమీటర్, సెన్సర్ ఫోను టీచరు దగ్గర ఉంచి అవసరమైనప్పుడు వాడుకోవచ్చు. ఆ లేఖ నకలు ఒకటి హాల్‌టికెట్‌తోపాటు దగ్గర పెట్టుకోవడం మంచిది. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి చాలాసార్లు ఈ సంగతి తెలియదు.

పరీక్ష మధ్యలో షుగర్ పడిపోతే అరగంట పోతుంది. ఆ అరగంట తిరిగి పొందే హక్కు ఈ పిల్లలకు చట్టంలో లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు పేర్కొన్నారు. తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వాటిలో ఉన్నాయి. టైప్-1 మధుమేహం లేదు, మూర్ఛ లేదు. పోయిన అరగంట పోయినట్టే. ఇది మార్చాల్సిన అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డబ్బు మాట కూడా ఉంది. ఇన్సులిన్ కన్నా స్ట్రిప్పులే ఎక్కువ ఖర్చు తెస్తాయి. రోజుకు నాలుగైదు వాడాల్సినచోట కూలి చేసుకునే కుటుంబం ఒకటి వాడుతుంది, అంచనా మీద సూది వేస్తుంది. కేరళలో ‘మిఠాయి’ అనే పథకం కింద టైప్-1 పిల్లలకు ఇన్సులిన్ పెన్నులు, సెన్సర్లు, కొందరికి పంపులు కూడా ప్రభుత్వమే ఇస్తోంది. మన రెండు ప్రభుత్వాల అధికారులు అక్కడికి వెళ్ళి, ఆ పథకం ఎలా నడుస్తోందో చూసి రావాలి.

హాస్టల్లో రాత్రి

అన్నిటికన్నా కష్టం హాస్టల్ పిల్లలది. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, ఇంటర్ కాలేజీల హాస్టళ్ళు మన రెండు రాష్ట్రాల చదువుకు పట్టుగొమ్మలు. జబ్బుంది కాబట్టి గురుకులానికి పంపొద్దంటే ఆ పేదపిల్ల చదువు అక్కడితో ఆగిపోవచ్చు. పంపితే, షుగర్ పడిపోయే అర్ధరాత్రి పక్కన తల్లి ఉండదు. సాయంత్రం ఆటల్లో బాగా పరుగెత్తిన రోజు రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోయే అవకాశం ఎక్కువ. పక్క మంచం పిల్లకు సంగతి చెప్పి ఉంచాలి: చెమటతో తడిసిపోయినా, కలవరించినా, లేపితే లేవకపోయినా ఆగకుండా వార్డెన్‌ను పిలవాలి. గ్లూకోజ్ పొడి, నీళ్ళసీసా మంచం పక్కనే ఉండాలి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్నును సాధారణ గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంచొచ్చు. ఏప్రిల్ ఎండల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో ఆ గది వేడి ఇన్సులిన్‌ను పాడుచేస్తుంది. ఫ్రిజ్ లేకపోతే తడిపిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచాలి. కొత్త నిల్వ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి దానికి ఫ్రిజ్ తప్పదు. ఆ ఫ్రిజ్ ఎక్కువగా వార్డెన్ గదిలోనో, వంటవాళ్ళ గదిలోనో ఉంటుంది, రాత్రి తాళం పడుతుంది. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఆ మనిషి ఏ గదిలో పడుకుంటారో, పిల్లకూ పక్క మంచం పిల్లకూ చేరిన మొదటిరోజే చూపించాలి. వార్డెన్ మారినప్పుడు మళ్ళీ చూపించాలి.